శత్రుశేషం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒకసారి సోకిన వ్యాధిని మానవదేహం ఎలా గుర్తుంచుకుంటుందో, దేహాన్ని విడిచిపోని వైరస్‌ల విషయంలో ఆ జ్ఞాపకం ఏ రూపం ధరిస్తుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ప్రక్రియ: వ్యాసం.

పాఠ్యభాగం

ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదని నీతికోవిదుల మాట. తీర్చగా మిగిలిన అప్పు వడ్డీతో పెరుగుతుంది. ఆర్పగా మిగిలిన నిప్పు గాలి తగిలితే రాజుకుంటుంది. ఓడించగా మిగిలిన శత్రువు అదను చూసి తిరగబడతాడు. రాజులకు చెప్పిన ఈ హెచ్చరిక మానవదేహానికి కూడా వర్తిస్తుంది. అయితే దేహం ఈ నీతిని అన్నివేళలా పాటించలేదు. కొన్ని వైరస్‌లను అది సమూలంగా తుడిచిపెట్టగలదు. మరికొన్నింటిని ఓడించగలదే కాని వెళ్లగొట్టలేదు. అవి దేహంలోనే ఒక మూల దాగి, ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. అటువంటి శత్రువుతో జీవితాంతం కలిసి బతకవలసి వచ్చినప్పుడు దేహానికి తోడ్పడేది దాని జ్ఞాపకశక్తి. ఆ జ్ఞాపకం ఎలా ఏర్పడుతుంది, ఎలా నిలుస్తుంది, ఎప్పుడు సన్నగిల్లుతుంది అన్నవి వైద్యశాస్త్రం సుదీర్ఘకాలం శోధించిన ప్రశ్నలు.

మరువని దేహం

ఒక వ్యాధి వచ్చి తగ్గినవారికి అదే వ్యాధి తిరిగి రావడం అరుదన్న సంగతిని ప్రాచీనులు గమనించారు. క్రీ.పూ. 430లో గ్రీసు దేశంలోని ఏథెన్సు నగరాన్ని ఒక మహమ్మారి పీడించింది. తానూ ఆ వ్యాధికి గురై కోలుకున్న చరిత్రకారుడు థుసిడిడీస్ దాని వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశాడు. వ్యాధి నుంచి బయటపడినవారు ధైర్యంగా రోగుల చెంత నిలిచారనీ, అది వారికి రెండవసారి ప్రాణాంతకంగా రాలేదనీ ఆయన పేర్కొన్నాడు.

ఈ పరిశీలనకు బలమైన నిదర్శనం 19వ శతాబ్దంలో లభించింది. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులలో 1846లో తట్టు వ్యాధి వ్యాపించింది. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మంది వరకు కొద్ది నెలల్లోనే మంచం పట్టారు. డెన్మార్కు ప్రభుత్వం పంపగా అక్కడికి వెళ్ళిన పీటర్ లుడ్విగ్ పానమ్ అనే యువవైద్యుడు ఊరూరా తిరిగి వివరాలు సేకరించాడు. ఆ దీవులలో అంతకుముందు తట్టు చెలరేగింది 1781లో. అప్పుడు ఆ వ్యాధికి గురై, 1846 నాటికి ముదుసలులైన వారిలో ఒక్కరికి కూడా అది తిరిగి సోకలేదని ఆయన తెలుసుకున్నాడు. నడుమ 65 సంవత్సరాలు గడిచాయి. శత్రువు మళ్ళీ కంటబడకపోయినా దేహం దానిని మరువలేదు.

జ్ఞాపకం ఏర్పడే విధం

రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు అనే జాతి ఒకటి ఉంది. జ్ఞాపకశక్తి వీటి సొత్తు. వీటిలో బి-కణాలు, టి-కణాలు అని రెండు ముఖ్యమైన తెగలు ఉన్నాయి. రెండూ ఎముకల మజ్జలోనే పుడతాయి. టి-కణాలు మాత్రం ఛాతీలో గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథికి చేరి అక్కడ పరిణతి పొందుతాయి. బి-కణాల సంతతి ప్రతిదేహాలు అనే ప్రోటీన్లను తయారుచేస్తుంది. రక్తంలోనూ, శరీర ద్రవాలలోనూ సంచరించే వైరస్‌ను ఈ ప్రతిదేహాలు పట్టి బంధిస్తాయి. కాని ఒక కణం లోపలికి దూరిన వైరస్‌ను అవి చేరలేవు. ఇంట్లో దూరిన దొంగను పట్టే పని టి-కణాలది.

టి-కణం మరొక కణం లోపలికి తొంగిచూడలేదు. అందుచేత దానికొక ఆనవాలు కావాలి. అశోకవనంలో రాముని ఉంగరం చూసిన తరువాతనే సీతకు హనుమంతునిపై పూర్తి నమ్మకం కలిగింది. అలాగే వైరస్ సోకిన కణం ఆ వైరస్ ప్రోటీన్ల తునకలను తన ఉపరితలంపై ప్రదర్శిస్తుంది. ఆ తునకను గుర్తించగల టి-కణం ఎదురైతే వ్యాధి సోకిన కణం బయటపడుతుంది. ఈ గుర్తింపు రహస్యాన్ని ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా నగరంలో 1970వ దశకంలో ఛేదించిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే శాస్త్రవేత్తలకు 1996లో నోబెల్ బహుమతి లభించింది.

ఒక్కొక్క లింఫోసైటు ఒక్కొక్క ఆనవాలును మాత్రమే గుర్తించగలదు. కొత్త వైరస్ ప్రవేశించినప్పుడు దానిని గుర్తించే కణాలు దేహంలో బహుకొద్దిగా ఉంటాయి. అవి విభజన చెంది వేలు, లక్షలుగా పెరిగేసరికి కొన్ని రోజులు పడుతుంది. జ్వరం, నీరసం ఆ రోజులలోనే మనిషిని బాధిస్తాయి. వైరస్ నశించిన పిమ్మట ఆ సేన అంతటితో దేహానికి పని ఉండదు. వాటిలో నూటికి 90కి పైగా టి-కణాలు మరణిస్తాయి. మిగిలిన కొద్దిపాటి కణాలు జ్ఞాపక కణాలుగా మారి దీర్ఘకాలం జీవిస్తాయి. అదే వైరస్ మరల వస్తే అవి రోజుల తరబడి ఆలోచించవు, వెంటనే విజృంభిస్తాయి.

ఈ జ్ఞాపకం నిలవాలంటే వైరస్ దేహంలో కొంతైనా మిగిలి ఉండాలా అన్న ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులను వేధించింది. హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, అమెరికాలో పరిశోధన సాగించిన రఫీ అహ్మద్ బృందం 1994లో దీనికొక సమాధానం చెప్పింది. జ్ఞాపక టి-కణాలను వైరస్ జాడ ఎరుగని ఎలుకలలో ప్రవేశపెట్టగా, అవి ఆనవాలు కంటబడకుండానే చిరకాలం నిలిచాయి. ఫారో దీవుల వృద్ధుల దేహాలు తట్టును మరువకపోవడంలోని మర్మం దీనివల్ల కొంత తేటపడింది. ఇది వెళ్ళిపోయిన శత్రువును గురించిన జ్ఞాపకం. వెళ్ళని శత్రువు సంగతి వేరు.

ఆటలమ్మ – సర్పి

తెలుగునాట ఆటలమ్మ అని పిలిచే వ్యాధికి కారణం వారిసెల్లా జోస్టర్ అనే వైరస్. అది శ్వాస ద్వారా దేహంలో ప్రవేశించి, 10 నుంచి 21 రోజులలో చర్మంపై నీటిపొక్కులుగా బయటపడుతుంది. పొక్కులు విడతలు విడతలుగా లేచి, ఎండి, పక్కు కట్టి రాలిపోతాయి. గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డను ఒక గదిలో ఉంచి, తగ్గిన తరువాత స్నానం చేయించడం తెలుగు ఇళ్ళలో చిరకాలంగా ఉన్న ఆచారం. స్నానంతో అమ్మవారు వెళ్ళిపోయిందని ఇంటివారు భావిస్తారు. ఆటలమ్మ సాధారణంగా మరల రాదు కూడా. కాని వైరస్ వెళ్ళలేదు. అది చర్మంలోని నాడుల ద్వారానూ, రక్తం ద్వారానూ పయనించి, వెన్నుపాముకు ఇరువైపులా బారులు తీరిన నాడీసంధులను చేరుకుంటుంది. అక్కడి నాడీకణాలలో నివురుగప్పిన నిప్పులా అణిగి ఉంటుంది.

నలభై, యాభై సంవత్సరాలు గడిచిన తరువాత ఆ నిప్పు రాజుకోవచ్చు. అప్పుడు వైరస్ తాను దాగిన నాడీసంధి నుంచి బయలుదేరి, ఆ నాడి వెంటనే చర్మానికి చేరుతుంది. మొదట మంట, పోటు కలుగుతాయి. కొన్ని రోజులకు నడుము మీదనో, వీపు మీదనో, ముఖం మీదనో ఒక పట్టీ వలె పొక్కులు లేస్తాయి. ఇదే సర్పి. కొన్ని ప్రాంతాలలో దీనిని అక్కి అంటారు. పొక్కుల మీద కావిరంగుతో బొమ్మలు గీసే ‘అక్కి రాయడం’ అనే ఆచారం ఈ పేరు మీదనే వచ్చింది.

పేరులోనే ఈ వ్యాధి స్వభావం ఇమిడి ఉంది. ‘సర్పం’ అనే సంస్కృత పదానికి మూలం పాకడం అనే అర్థం గల ధాతువు. ఈ వ్యాధికి పాశ్చాత్య వైద్యులు పెట్టిన ‘హెర్పిస్ జోస్టర్’ అనే పేరులోని మొదటి మాట కూడా పాకడం అనే అర్థం గల గ్రీకు ధాతువు నుంచే పుట్టింది. ఈ రెండు ధాతువులూ ఒకే ప్రాచీన భాషాకుటుంబానికి చెందిన సోదర పదాలు. జోస్టర్ అంటే నడికట్టు. నడికట్టు వలె పాకే ఈ పొక్కులను చూసి, పాము నడుమును చుట్టుకొని తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని జనం భయపడేవారు. నిజానికి ఒక్కొక్క వెన్నునాడి శరీరంలో ఒక పక్కకు మాత్రమే విస్తరిస్తుంది. అందువల్ల పొక్కులు సాధారణంగా నడిమిగీత దగ్గరే ఆగిపోతాయి. భయపడవలసింది తల, తోక కలుస్తాయని కాదు. పొక్కులు మానిన తరువాత కూడా నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి వేధించే నాడుల నొప్పి ఈ వ్యాధిలోని అసలైన బాధ. వృద్ధులలో ఇది మరింత ఎక్కువ. బట్ట తగిలినా ఓర్చుకోలేని ఆ నొప్పి నిద్రను, ఆకలిని హరించి మనిషిని కుంగదీస్తుంది. కంటి పరిసరాలలో పొక్కులు లేస్తే చూపుకే ముప్పు వాటిల్లవచ్చు.

ఆటలమ్మ, సర్పి ఒకే వైరస్ చూపే రెండు ముఖాలన్న సంగతి ఒక్కనాటిలో తెలియలేదు. ఇంట్లో పెద్దవారికి సర్పి వచ్చిన కొద్దిరోజులకు పిల్లలకు ఆటలమ్మ రావడాన్ని 19వ శతాబ్ది చివరలో హంగేరీ వైద్యుడు యానోష్ బోకాయ్ గమనించాడు. 1950వ దశకంలో అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ వెల్లర్ రెండు వ్యాధుల పొక్కుల నుంచి వైరస్‌ను వేరుచేసి, ప్రయోగశాలలో పెంచి, అవి ఒకటేనని నిరూపించాడు. ఆ వైరస్ అన్నేళ్ళు ఎక్కడ ఉంటుంది, ఎందుకు మేల్కొంటుంది అన్న ప్రశ్నలకు ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్ పట్టణంలో సామాన్య వైద్యవృత్తిలో ఉన్న ఎడ్గార్ హోప్-సింప్సన్ సమాధానం వెదికాడు. 16 సంవత్సరాల పాటు తన వద్దకు వచ్చిన 192 సర్పి కేసుల వివరాలను ఓర్పుతో నమోదు చేసి, 1965లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. వైరస్ నాడీసంధులలో అణిగి ఉండి అప్పుడప్పుడు తల ఎత్తడానికి ప్రయత్నిస్తుందనీ, దేహంలోని నిరోధకశక్తి దానిని ఎప్పటికప్పుడు అణచివేస్తుందనీ, ఆ శక్తి ఒక హద్దు కంటే తగ్గినప్పుడే సర్పి వస్తుందనీ ఆయన వివరించాడు.

కావలి కాసే కణాలు

ఈ సిద్ధాంతం జ్ఞాపకానికి కొత్త అర్థం చెప్పింది. తట్టు విషయంలో దేహపు జ్ఞాపకం ఎప్పుడో ముగిసిన యుద్ధానికి సంబంధించినది. ఆటలమ్మ విషయంలో యుద్ధం ముగియలేదు. చెరసాలలో ఉన్న ఖైదీని రేయింబవళ్ళు కనిపెట్టి ఉండే కావలి వంటిది ఇక్కడి జ్ఞాపకం.

ఆ కావలివారు ఎవరన్నది కొందరు రోగుల వల్ల తెలిసింది. పుట్టుకతోనే ప్రతిదేహాలు తయారుకాని పిల్లలు కొందరుంటారు. ఆటలమ్మ వచ్చినప్పుడు వారు సాధారణంగా ఇతర పిల్లల మాదిరిగానే కోలుకుంటారు. అదే టి-కణాల లోపం గలవారికి ఆటలమ్మ ప్రాణాంతకం కావచ్చు. అవయవ మార్పిడి చేయించుకొని నిరోధకశక్తిని తగ్గించే మందులు వాడేవారిలో, రక్తకాన్సరు రోగులలో, హెచ్.ఐ.వి. సోకినవారిలో సర్పి ఎక్కువగా కనిపిస్తుంది. వృద్ధుల రక్తంలో ఈ వైరస్‌కు ప్రతిదేహాలు ఉన్నప్పటికీ సర్పి వస్తుంది. వయసుతోపాటు సన్నగిల్లేది ప్రధానంగా టి-కణాల జ్ఞాపకం. దీనినిబట్టి ఈ శత్రువుకు కావలి కాసేవి ముఖ్యంగా టి-కణాలేనని తేలింది.

ఈ కావలిలో ఒక చిక్కు ఉంది. చర్మంలోనో, గొంతులోనో వైరస్ సోకిన కణాన్ని చంపితే దాని స్థానంలో కొత్త కణం పుడుతుంది. నాడీకణం అలా పుట్టదు. దొంగను పట్టడానికి ఇంటినే తగలబెట్టలేరు కదా! పెదవులపై పొక్కులు పుట్టించే వైరస్ కూడా హెర్పిస్ కుటుంబానికే చెందింది. అది దాగిన నాడీకణాల చుట్టూ టి-కణాలు కాపు వేసి ఉండడం, ఆ నాడీకణాలను చంపకుండానే వైరస్‌ను అదుపులో ఉంచడం పరిశోధకులు గమనించారు. ఇది అత్యంత సంయమనంతో కూడిన కావలి.

అలసిన కావలి

కొన్ని వైరస్‌లు ఇలా అణిగి ఉండవు. అవి దేహంలో నిలిచి నిరంతరం వృద్ధి చెందుతూనే ఉంటాయి. అప్పుడు జ్ఞాపకం ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఎల్.సి.ఎం. అనే ఎలుకల వైరస్ వల్ల లభించింది. రఫీ అహ్మద్, మైకేల్ ఓల్డ్‌స్టోన్ మొదలైనవారు 1984లో ఈ వైరస్‌లో ఒక కొత్త రకాన్ని వేరుచేశారు. దాని మాతృకను ఎలుక దేహం సుమారు ఒక వారంలో తుడిచివేస్తుంది. కొత్త రకం మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. రెండింటికీ నడుమ తేడా అత్యల్పమే అయినా ఫలితం మాత్రం పూర్తిగా భిన్నం. మొదటి రకం సోకిన ఎలుకలలో చురుకైన జ్ఞాపక కణాలు మిగిలాయి. రెండవ రకం సోకిన ఎలుకలలో వైరస్‌ను గుర్తించే టి-కణాలు ఉన్నప్పటికీ, పోరాడే శక్తిని కోల్పోయాయని 1998లో వెల్లడైంది. శాస్త్రజ్ఞులు ఈ స్థితికి ‘అలసట’ అని పేరుపెట్టారు.

ఆ అలసటకు కారణాలలో ఒకటి టి-కణం ఉపరితలంపై ఉండే పి.డి.-1 అనే ప్రోటీను. జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజో బృందం దానిని 1992లో కనుగొన్నది. అది టి-కణానికి కళ్ళెం వంటిది. ఎడతెగని పోరులో దేహం తన అవయవాలను తానే ధ్వంసం చేసుకోకుండా ఆ కళ్ళెం ఆపుతుంది. 2006లో రఫీ అహ్మద్ బృందం ఎలుకలలో ఆ కళ్ళాన్ని సడలించగా, అలసిన టి-కణాలు తిరిగి కొంత శక్తిని పుంజుకున్నాయి. ఇదే సూత్రంపై రూపొందిన మందులు కాన్సరు చికిత్సలో గొప్ప మార్పు తెచ్చాయి. ఆ కృషికి హోంజో, జేమ్స్ ఆలిసన్‌లకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

కాలేయాన్ని పీడించే హెపటైటిస్-బి వైరస్ మనుషులలో ఇటువంటి అలసటకు ఉదాహరణ. పెద్దవారికి ఇది సోకితే నూటికి 95 మందికి పైగా దానిని వదిలించుకుంటారు. పుట్టుక వేళ తల్లి నుంచి సోకిన శిశువులలో నూటికి సుమారు 90 మందిలో అది తిష్ఠ వేస్తుంది. దశాబ్దాల తరువాత కాలేయం గట్టిపడడానికో, కాన్సరుకో దారితీయవచ్చు. పుట్టిన 24 గంటలలోపు టీకా వేయాలని వైద్యులు చెప్పడం ఇందుకే. ఈ టీకాను జన్యుసాంకేతిక పద్ధతిలో తొలిసారిగా స్వదేశంలో తయారుచేసి, 1997లో విడుదల చేసింది హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ.

హెచ్.ఐ.వి. ఎత్తుగడ మరీ విపరీతమైనది. అది జ్ఞాపక టి-కణాలలోనే దాగి నిద్రిస్తుంది. మందులు వైరస్ వృద్ధిని ఆపగలవు గాని, నిద్రిస్తున్న వైరస్‌ను తాకలేవు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. మందులు జీవితాంతం వాడవలసి రావడానికి కారణం ఇదే.

కావలికి బలం

సర్పి విషయంలో మానవప్రయత్నం కొంత ఫలించింది. ఆటలమ్మతో తన మూడేళ్ళ కుమారుడు పడిన బాధను చూసిన జపాను వైద్యుడు మిచియాకి తకహాషి, ఆ వైరస్‌ను బలహీనపరచి 1974లో టీకాను రూపొందించాడు. అదే బలహీన వైరస్‌ను అధిక మోతాదులో ఇస్తే వృద్ధులలోని పాత జ్ఞాపకం చిగురిస్తుందా అని అమెరికాలో 60 సంవత్సరాలు, ఆపై వయసు గల 38,000 మందికి పైగా వ్యక్తులపై పరీక్షించారు. సర్పి రావడం సగానికి తగ్గిందనీ, దీర్ఘకాలిక నొప్పి మూడింట రెండు వంతులు తగ్గిందనీ 2005లో ఫలితాలు వెలువడ్డాయి. 2017లో అంతకంటే శక్తిమంతమైన మరొక టీకా అమెరికాలో ఆమోదం పొందింది. ఇందులో సజీవ వైరస్ ఉండదు. వైరస్‌లోని ఒక ప్రోటీనును, నిరోధక వ్యవస్థను ఉత్తేజపరిచే పదార్థంతో కలిపి రెండు మోతాదులుగా ఇస్తారు. పరీక్షలలో ఇది నూటికి 90కి పైగా రక్షణ కల్పించింది. భారతదేశంలో ఇది 2023 నుంచి లభిస్తున్నది.

సాధారణంగా టీకా రాబోయే శత్రువును పరిచయం చేస్తుంది. సర్పి టీకా చాలామందిలో అప్పటికే లోపల ఉన్న శత్రువును గురించి కావలివారిని మరల హెచ్చరిస్తుంది. అది వైరస్‌ను తొలగించదు. టీకా వేయించుకోనివారికి సర్పి వస్తే, పొక్కులు లేచిన 72 గంటలలోపు వైరస్ నిరోధక మందులు మొదలుపెట్టడం రోగోపశమనానికి ఎంతో మేలు. అక్కి రాయించడంతో కాలం గడిపితే ఆ విలువైన గడువు దాటిపోతుంది.

జ్ఞాపకం అంటే గడిచినదానిని దాచుకోవడమని సామాన్యంగా అనుకుంటారు. దేహం విషయంలో అది సగం సత్యమే. శత్రుశేషం ఉన్నచోట జ్ఞాపకం ప్రతిదినం చేయవలసిన పని. చిన్ననాడు ఆటలమ్మ వచ్చి తగ్గిన ప్రతి మనిషి దేహంలోనూ ఆ పని అతనికి తెలియకుండానే సాగుతూ ఉంటుంది. వార్ధక్యంలో ఆ కావలి సడలినప్పుడు దానికి చేయూతనివ్వడం ఇంటివారి బాధ్యత. తాతకో, అమ్మమ్మకో ఒక పక్కనే మంట, పోటు మొదలై పొక్కులు లేస్తే వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం ఆ బాధ్యతలో మొదటి మెట్టు.

కఠిన పదాలకు అర్థాలు

నీతికోవిదులు : నీతిశాస్త్రంలో నేర్పరులు
సమూలంగా : వేళ్ళతో సహా, పూర్తిగా
ఆనవాలు : గుర్తు
నివురు : నిప్పుపై కమ్మిన బూడిద
నడికట్టు : నడుముకు కట్టుకునే పట్టీ
సంయమనం : నిగ్రహం
కళ్ళెం : గుర్రాన్ని అదుపుచేసే సాధనం
వార్ధక్యం : ముసలితనం

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆటలమ్మ, సర్పి ఒకే వైరస్ వల్ల కలుగుతాయని ఎలా తెలిసింది? వివరించండి.
2. వెళ్ళిపోయిన వైరస్‌ను గురించిన జ్ఞాపకానికి, నిలిచి ఉన్న వైరస్‌ను గురించిన జ్ఞాపకానికి గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఫారో దీవులలో పానమ్ గమనించిన విషయం ఏమిటి?
2. సర్పి విషయంలో ప్రతిదేహాల కంటే టి-కణాలే ముఖ్యమని ఎలా చెప్పగలం?
3. టి-కణాల ‘అలసట’ అంటే ఏమిటి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘సర్పం’ అనే పదానికి మూలమైన ధాతువు అర్థం ఏమిటి?
2. హోప్-సింప్సన్ తన సిద్ధాంతాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించాడు?
3. హెచ్.ఐ.వి. ఏ కణాలలో దాగి ఉంటుంది?

ఈ. సంధులు
జీవితాంతం = జీవిత + అంతం – సవర్ణదీర్ఘ సంధి
రోగోపశమనం = రోగ + ఉపశమనం – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

ఉ. సమాసాలు
శత్రుశేషం : శత్రువు యొక్క శేషం – షష్ఠీ తత్పురుష సమాసం
రేయింబవళ్ళు : రేయియు, పగలును – ద్వంద్వ సమాసం